అంటుకున్న దుమ్ము

దుమ్ము ఆపడానికి కిటికీకి కట్టిన తడి చీర సాయంత్రానికి మసిరంగుకి తిరిగింది. నీలిమ దాన్ని విప్పి బకెట్లో ముంచింది. పోర్టు వెనకాల సందుల్లో ఏ ఇంట్లోనైనా పొద్దుగూకేసరికి ఉండే పనే అది.

మంచం మీద నాన్న గవర్రాజు దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. ఖనిజం యార్డులో పార పట్టి బతికిన మనిషి. ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. ఈ దుమ్ములోంచి బయటపడితే జబ్బు నయమవుతుందని ఆయనకి నచ్చజెప్పి, నీలిమ పోర్టుకి దూరంగా సబ్బవరంలో ఒక గది మాట్లాడింది. ఆదివారం ప్రయాణం.

"ఏటి బావా, సబ్బవరం గాలి తగిలితే మళ్లీ పెళ్లికొడుకువైపోతావట!" యార్డులో ఆయనతో పనిచేసిన సన్యాసిరాజు గుమ్మంలోంచే కేకేశాడు.

"అవుతాను. పిల్లని నువ్వే సూడాల," అని నవ్వబోయి గవర్రాజు దగ్గులో పడ్డాడు. అది ఆగేదాకా సన్యాసిరాజు నేల చూస్తూ నిలబడి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

నీలిమ దగ్గర్లోని చిన్న బడిలో సైన్సు చెబుతుంది. ఆ ఇంటికి మొదటి డిగ్రీ ఆమెదే. రోజూ తను చెప్పిన పాఠం తండ్రికి ఒప్పజెప్పాల్సిందే.

"ఈయేల ఏటి సెప్పావమ్మా?"

"భూమి ఎలా పుట్టిందో చెప్పాను నాన్నా." ప్లాస్టిక్ స్కేలు జుట్టుకి రుద్ది కిటికీ అంచున పెట్టింది. నల్లటి నలుసులు లేచి దానికి అంటుకున్నాయి. "మొదట్లో సూర్యుడి చుట్టూ ఉన్నదంతా వాయువూ, దుమ్మూనే. నలుసుకి నలుసు ఇలాగే అంటుకుని ఉండ కట్టింది. ఉండలు కలిసి బండలయ్యాయి. పెద్దదయ్యేకొద్దీ చుట్టుపక్కల ఉన్నది లాక్కోవడమే. అలా కోట్ల ఏళ్లకి భూమీ, మిగతా గ్రహాలూ."

"మరి మిగిలిన దుమ్మేటయ్యింది?"

"సూర్యుడి వెలుగూ, సూర్యుడి నుంచి వీచే గాలీ చాలావరకు బయటికి తోసేశాయి."

"మంచి గాలే. మన సముద్రం గాలి తెచ్చి పోత్తాది గానీ పట్టుకెళ్లదు." ఊపిరి అందాక మళ్లీ అడిగాడు. "అప్పటికే ఉండ కట్టీసిందో? దాన్నీ ఊదీసిందా?"

"లేదు నాన్నా, అది ఊదితే పోదు. అదింకా..."

పోయిన వారం ఆస్పత్రి వరండాలో డాక్టరు నీలిమను పక్కకి పిలిచి చెప్పిందీ అదే. ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన దుమ్ము ఇక పోదు, ఎంత దూరం తీసుకెళ్లినా గడ్డలు పెరగడం ఆగకపోవచ్చు. ఆ మాట దాచేసి, తండ్రికి సబ్బవరం సంగతి మాత్రం చెప్పింది.

"అదింకా పెరుగుతాదా?" గవర్రాజు అరచెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. "నాను దేని గురించి అడుగుతన్నానో నీకు తెలుసు."

నీలిమ అవునన్నట్టు తలాడించింది.

"అయితే సబ్బవరం ఎందుకమ్మా? ఎవుడి మొకమూ తెలీని సోట. ఇక్కడైతే సన్యాసిగాడైనా వచ్చి ఎటకారమాడతాడు. వద్దని సెప్పీ."

"కొన్నాళ్లయినా ఊపిరి కాస్త సుఖంగా ఆడుతుంది నాన్నా..."

"సెప్పీమన్నాను కదా."

నీలిమ ఫోను పట్టుకుని వీధిలోకి వచ్చింది. గది ఇస్తానన్న కుసుమకుమారి వెంటనే ఎత్తింది.

"రావట్లేదా? ఏటైందమ్మా, గది నచ్చలేదేటి?"

"అది కాదండీ. నాన్నకి తగ్గింది."

"మంచిమాట సెప్పావు తల్లీ. ఆ దేవుడే సల్లగా సూశాడు."

ఇంట్లో దగ్గు మొదలైంది. అది ఆవిడ చెవిన పడకుండా నీలిమ ఫోను చేత్తో కప్పుకుని, సందు చివరికంటా నడుస్తూ పోయింది.