ఒక వరుసలో ఇద్దరు కుళ్లాయప్పలు

జయంతికి తన మీద తనకు నమ్మకం ఎక్కువ. గుత్తిలో ఆమె నడిపే కంప్యూటర్ సెంటర్‌లో ఉన్నవి మూడు కంప్యూటర్లు, ఒక మోడెమ్, ఒకే ఒక్క ఫోను లైను. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల కోసం గోడ మీద స్కెచ్‌పెన్నుతో చిట్కాలు రాసి అంటించింది. ఫైలు పేరులో ఖాళీ వదలొద్దు. పేజీ నీ కంప్యూటర్‌లో తెరుచుకుంటే చాలదు, పక్కదానిలోనూ తెరిచి చూడు. కరెంటు చెప్పి పోదు, సేవ్ చెయ్యి. ఇవి తప్పినవాళ్లను, వాళ్లు లెక్చరర్లయినా సరే, నలుగురిలో కడిగేసేది. ఆమె తయారుచేసిన వెబ్ పేజీలో తప్పు దొరికిందన్న మాట 2004 వేసవి దాకా ఎవరూ వినలేదు.

ఆ వేసవిలో బెంగళూరు ట్రస్టు ఒకటి కంటిపొరలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తామని పేర్లు అడిగింది. ఊళ్లలో రాసుకొచ్చిన నోటుపుస్తకాలు జయంతి బల్ల మీదికి చేరాయి. అవి చూసి ఆమె తల పట్టుకుంది. ఒకే మనిషిని కొడుకు ఒకసారి, కోడలు ఒకసారి రాయించారు. ఒకచోట పేరు ముందు శ్రీ, ఇంకోచోట ఇంటిపేరు పొడి అక్షరం, మరోచోట ఏదీ లేదు. చేత్తో ఏరుకుంటూ కూర్చోవడం ఆమెకు నామోషీ. పేర్లు ఎక్కించే వెబ్ పేజీ వెనకాల ప్రోగ్రాంలో రెండు ముక్కలు రాసింది. పేరు ముందు చుక్క పెట్టిన అక్షరం ఉంటే దాన్ని వదిలెయ్. ఆపైన పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిస్తే అది ఒకే మనిషి, రెండోసారి వచ్చినదాన్ని తీసెయ్. నూట ముప్పై పేర్లు రెప్పపాటులో డెబ్భై రెండుకు దిగాయి. ట్రస్టులో ఈ పని చూసే ఆనంద్ ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. ఆమె ఏమీ మొహమాటపడలేదు.

పేర్లున్నవాళ్లను బెంగళూరు తీసుకెళ్లే బస్సులు బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం ఇద్దరు ముసలివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని మెట్లు తడుముకుంటూ సెంటర్‌లోకి వచ్చారు. ఇద్దరికీ కలిపి చేతిలో, ఆపరేషనుకు రమ్మని ట్రస్టు పంపిన కాగితం ఒక్కటే.

"పాపా, ఈ కాయితం మాలో ఎవురికో చెప్పు," అన్నాడు పెద్దాయన.

జయంతి చదివింది. కుళ్లాయప్ప, తండ్రి సుంకప్ప, ఊరు యాడికి. "మీలో కుళ్లాయప్ప ఎవరు?"

"నేనే."

"నేను గూడా," అన్నాడు రెండో ఆయన.

జయంతికి ఇంకేమీ అడిగే పని లేదు. ఏ స్వామికి మొక్కుకుంటే బిడ్డలు పుట్టారో అందరికీ ఆ స్వామి పేరే పెట్టి, పెద్దోడు చిన్నోడు అని పిలుచుకునే ఇళ్లు ఆ పక్క వీధికొకటి ఉంటాయి. ఆమె సొంత మేనమామలే ఇద్దరు చౌడప్పలు.

యాడికి నోటుపుస్తకం లాగి తిప్పింది. ఒకదాని కింద ఒకటి స్పష్టంగా ఉన్నాయి. పె. కుళ్లాయప్ప. చి. కుళ్లాయప్ప. ఆ పుస్తకం చూసిన రోజున 'పె.' ఇంటిపేరనుకుంది. 'చి.' అంటే చిరంజీవి అనుకుంది. అరవై రెండేళ్ల చిరంజీవి. సిగ్గుతో ఆమెకు చెవులు వేడెక్కాయి.

"ఒగరికే అయితే అన్నను పంపు పాపా," అన్నాడు చిన్నాయన. "ఆయప్పకు రెండు కండ్లూ మూసుకుపోయినాయి. నాకు మసగ్గా అన్నా కనపడతాండాది."

"వీని మాట ఇనొద్దు. గొర్రెలు మేపేది వీడు. నేను ఇంట్లో కూర్చునేటోన్ని, నాకెందుకు?"

"ఇద్దరూ పోతారు, కూర్చోండి," అంది జయంతి. ఎలా పోతారో ఆమెకు ఇంకా తెలియదు. మళ్లీ శిబిరం వచ్చే ఏడాదే. ఇంటర్నెట్ ఆపి, అదే లైను మీద బెంగళూరుకు ఫోను చేసింది.

"లిస్టు మూసేశామండీ," అన్నాడు ఆనంద్. "ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే ఊరు. డూప్లికేట్ అని మీ ప్రోగ్రామే చెప్పింది కదా."

"అది చెప్పలేదండీ, నేను చెప్పించినాను. తప్పు నాది. వీళ్లు ఇద్దరు మనుషులు."

"అన్నదమ్ములకి ఒకే పేరు ఎవరైనా పెడతారా?"

జయంతి రిసీవర్ పెద్దాయన చెవికి ఆనించింది. ఆయన తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాడు. తర్వాత చిన్నాయన చెప్పాడు. అవే మాటలు, అదే గొంతు.

"మళ్లీ ఆయన్నే మాట్లాడిస్తున్నారు," అన్నాడు ఆనంద్.

జయంతి ఇద్దరి తలలనూ దగ్గరికి చేర్చి రిసీవర్ మధ్యలో పట్టుకుంది. "ఇద్దరూ ఒకేసారి చెప్పండి."

"కుళ్లాయప్ప, సుంకప్ప కొడుకును, యాడికి," అన్నారు ఇద్దరూ. అని ఊరుకోకుండా, "నువ్వు ఆగు, నన్ను చెప్పనీ," అని ఒకరినొకరు కసురుకున్నారు. అవతల ఆనంద్ పగలబడి నవ్వాడు. ఐదింటిదాకా లిస్టు తెరిచి ఉంచుతానన్నాడు.

అప్పటికి నాలుగు దాటింది. జయంతి తాను రాసిన రెండు ముక్కలూ చెరిపేసింది. పేరును బట్టి మనిషిని పోల్చకుండా, నోటుపుస్తకంలోని ఒక్కో వరుసకు ఒక్కో నంబరు ఇచ్చింది. నిజంగా రెండుసార్లు రాసినవాళ్లను నామోషీ పక్కన పెట్టి తన కళ్లతోనే ఏరింది. ఇలాగే మాయమైనవాళ్లు ఇంకో ఆరుగురు బయటపడ్డారు. ఐదుకు పది నిమిషాలుందనగా లిస్టు వెళ్లింది. ఆ ఆరుగురి ఊళ్లకు ఫోన్లు చేసి కబురు పెట్టింది. చేసిన తప్పును తన చేత్తోనే దిద్దుకున్నందుకు ఆమెకు గర్వంగానే ఉంది, దాచుకోలేదు.

"ఇద్దరం ఉండామా పాపా?"

"ఉండారు. పెద్ద కుళ్లాయప్ప, చిన్న కుళ్లాయప్ప. చుక్క లేకుండా పూర్తిగా రాసినాను."

పెద్దాయన చెయ్యి చాచి తమ్ముడి గడ్డం తడిమాడు. "కట్టు ఇప్పినాక మొదలు వీని మొగం చూడల్ల. తేటగా చూసి మూడేండ్లాయ."

"చూద్దువులే," అన్నాడు చిన్న కుళ్లాయప్ప. "అప్పుడు నేను గూడా నిన్నే చూస్తాంటాను."