మూడో సిలిండరు మనిషి

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. సగం విని "ముసలాయన కోతలు" అంటే మాత్రం ఊరుకునేది లేదు. గోదావరిఖనిలో నేను దిగని బొగ్గుబాయి లేదు, ఎక్కని బండి లేదు. మంచిర్యాల వైపు నుంచి గోదావరి వంతెన ఎక్కిన లారీ నంబరును ఈ ఒడ్డున కళ్లు మూసుకుని చెప్పినవాణ్ని. అంతటి నేనే చెవుల విషయంలో ఒక్కడికి తల వంచాను. మెకానిక్ సాబిర్‌కు.

సాబిర్ రోజూ తెల్లవారి నమాజు చదివి వచ్చి షెడ్డు తెరిచేవాడు. పాత డీజిల్ బండి ఏదొచ్చినా, ఇంజను తిరుగుతుండగానే బానెట్ మీద నిండు చాయ్ గ్లాసు పెట్టేవాడు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగాన్ని మా దగ్గర స్లో అంటారు. స్లో సరిగ్గా ఉంటే చాయ్ మీద మీగడ కదలకూడదు. ఒకసారి అతను స్లో పెట్టిన లారీ మీద ఈగ వాలి నిద్రపోయింది. సాయంత్రం దాన్ని లేపి పంపింది నేనే.

ఆ షెడ్డుకు తరచూ వచ్చే బండి గట్టయ్యది, తెల్ల అంబాసిడర్. గట్టయ్య ముప్పై ఏళ్లు బాయి దిగాడు. ఊపిరితిత్తులు పాడై, అన్‌ఫిట్ అయి, తన నౌకరి కొడుకు భూపాల్‌కు ఇప్పించాడు. ఇప్పుడు ఆ కొడుకునీ, ఇంకో ముగ్గురినీ పొద్దున షిఫ్టుకు దింపి, మధ్యాహ్నం ఇంటికి తెచ్చుకుంటాడు. మనుషులు నలుగురు, బండికి సిలిండర్లు నాలుగు. ఒక్కో సిలిండరు ఒక్కో మనిషిది. ముందు సీట్లో కూర్చునే లింగమూర్తిది మొదటిది, వెనక ఖదీర్‌ది రెండోది, నడుమ కూర్చునే భూపాల్‌ది మూడోది, జుబేర్‌ది నాలుగోది. ఎవరిది ఏ క్వార్టరో తెలిసినట్టే కాలనీలో ఇదీ అందరికీ తెలుసు. ఎవరికైనా జ్వరం తగిలే ముందు వాళ్ల సిలిండరు పొగ వేసేది, గట్టయ్య వాళ్లను దవాఖానకు పొమ్మనేవాడు.

ఖదీర్‌కు ముందు ఆ రెండో చోటు ఎల్లన్నది. పోయిన ఎండాకాలం ఒక పొద్దున రెండో సిలిండరు మొత్తానికే చచ్చింది. ఎల్లన్న డ్యూటీకి నాగా పెట్టి ఇంట్లో మంచమెక్కాడు. ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనని తిరగనిచ్చి, ఎండ ముదిరాక గట్టయ్య బండిని నీడకు పెట్టి ఆపాడు. సరిగ్గా ఆ వేళకే ఎల్లన్న, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. ఖదీర్ ఆ సీట్లో కూర్చున్న రోజు నుంచి రెండోది మళ్లీ మామూలుగా మండింది.

మొన్నటి చలికాలం ఒక పొద్దున, షిఫ్టుకు గంట ముందు, గట్టయ్య ఒక్కడే షెడ్డుకు వచ్చాడు. బండి అద్దాలు గలగలలాడుతున్నాయి. సాబిర్ చాయ్ గ్లాసు పెడితే సగం ఒలికింది.

"స్లో కొంచెం పెంచు సాబిర్ భాయ్. వణుకు పోతది."

"పెంచితే వణుకు కనవడదు, గంతే. ఏది చచ్చిందో సూడొద్దా?"

"సూడకు."

సాబిర్ ముందు ఫిల్టరు కడిగాడు. పైపుల్లో చేరిన గాలి తీశాడు. యాక్సిలేటర్ తీగ బిగుసుకుందేమో చూశాడు. తప్పు అక్కడే దొరికితే బాగుండునని అతనికీ ఉంది. దొరకలేదు. ఇక స్పానర్ తీశాడు. ఇంజను తిరుగుతుండగా ఒక్కో సిలిండరుకు డీజిల్ పోయే నట్టును వదులు చేస్తారు. బతికున్న సిలిండరైతే ఇంజను కుంటుతుంది. చచ్చినదైతే తేడా తెలియదు.

మొదటి నట్టు వదిలితే ఇంజను కుంటింది. రెండోదానికీ కుంటింది. మూడోదాని మీదికి స్పానర్ పోతుంటే గట్టయ్య చెయ్యి అడ్డం పెట్టి, ముందు నాలుగోది చూడమన్నాడు. నాలుగోదానికీ కుంటింది. ఇక మూడోది విప్పనక్కర్లేదు. అయినా సాబిర్ విప్పాడు. డీజిల్ చుక్కలు కారాయి. శబ్దం ఉన్నది ఉన్నట్టే ఉంది.

అప్పటికే భూపాల్ టిఫిన్ డబ్బాతో వచ్చి నిలబడి ఉన్నాడు. స్పానర్ ఏ నట్టు మీద ఉందో చూశాడు.

మూడోదానికి డీజిల్ చిమ్మే నాజిల్ తీసి వేరే సిలిండరులో పెట్టి చూడొచ్చని సాబిర్ గొంతు తగ్గించి చెప్పాడు. జబ్బు నాజిల్‌దైతే దానితోపాటే అవతలికి పోతుంది.

"ఎవల దాంట్ల పెట్టాలె, గట్టన్నా?"

గట్టయ్య బండి సీట్ల వైపు ఒక్కొక్కటిగా చూశాడు. ముగ్గురి పేర్లూ అతని నోటిదాకా వచ్చాయని నేను చెప్పగలను, పెదవులు చూశాను కదా. చివరికి నాజిల్ తియ్యొద్దని తల అడ్డంగా ఊపాడు. కొడుకును ఇంటికి పొమ్మన్నాడు.

"ఎల్లన్న ఇంట్లనే ఉండె గద బాపు," అన్నాడు భూపాల్. "ఇంకొక్క నాగా పడితే నువ్విచ్చిన నౌకరి సుత పోతది."

సాబిర్ చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు.

"ఎల్లన్న పోయిన్నాడు బండి ఎన్నింటికి బంద్ చేసినవ్?"

"పన్నెండింటికి."

"మరి ఇయ్యాల బంద్ చెయ్యకు."

మూడు సిలిండర్ల మీద బండి ఆగిపోవాలనే చూస్తోంది. సాబిర్ డీజిల్ పంపు మీద లాక్ నట్టు వదులు చేసి, స్లోను పెంచి తగ్గించే స్క్రూ పట్టుకున్నాడు. ఎంత తిప్పాడనుకుంటున్నారు? చీమ తుమ్మినంత. ఇంకొంచెం తిప్పితే మిగతా మూడింటి హోరులో మూడోది మునిగిపోతుంది, తగ్గిస్తే ఇంజనే ఆగుతుంది. అలా తిప్పగా తిప్పగా, పది చుట్లకు ఒకసారి మూడోది టక్కుమని దగ్గింది. అక్కడ బిగించాడు.

నలుగురూ ల్యాంపులు తీసుకుని బాయి దిగారు. బండి బాయి ముందే నిలబడి తిరుగుతోంది. గట్టయ్య స్టీరింగు దగ్గర, సాబిర్ తెరిచిన బానెట్ పక్కన, ఇద్దరు మోసే డీజిల్ డబ్బాను ఒంటి చేత్తో ఎత్తుకుని నేను.

పదకొండున్నరకు ఆ దగ్గు ఆగింది. ఇంజను గొంతు కిందికి జారింది. లోపల పైకప్పు కూలిందని సైరన్ ఆ తర్వాత మోగింది. సాబిర్ స్క్రూ వదిలేసి, పంపు లీవరును వేళ్లతోనే పట్టుకున్నాడు. ఇంజను జారినప్పుడల్లా వెంట్రుకంత లాగుతాడు, పైకి లేస్తే వదులుతాడు. లీవరు కాలుతోంది. గుడ్డ చుట్టమంటే వినలేదు, గుడ్డ చుడితే వేలికి తెలియదట. నాలుగు గంటలు. మాంసం కాలిన వాసన మాకే తెలిసింది గాని అతనికి తెలియలేదు.

లింగమూర్తి, ఖదీర్, జుబేర్ నడుచుకుంటూ పైకి వచ్చారు. భూపాల్‌ను ఆఖరున స్ట్రెచర్ మీద తెచ్చారు. కంపౌండరు నాడి పట్టుకుని లెక్క తప్పాడు. బండి వైపు చూశాడు. దాని శబ్దంతో కలిపి మళ్లీ లెక్కపెట్టాడు.

టక్కుమని మూడోది దగ్గింది. భూపాల్ కళ్లు తెరిచాడు.

"బాపు, బండి బంద్ చెయ్యకు."

అప్పటి నుంచి బంద్ చెయ్యలేదు. భూపాల్‌కు బాయి పైన డ్యూటీ ఇచ్చారు. మిగతా ముగ్గురూ షేర్ ఆటోలో పోతున్నారు. బండి గట్టయ్య క్వార్టరు ముందు నిలబడి తిరుగుతోంది. డీజిల్ తిరుగుతుండగానే పోస్తారు, ఆయిల్ తిరుగుతుండగానే మారుస్తారు. లాక్ నట్టు మీద సాబిర్ భార్య ఫక్రున్నీసా గోళ్ల రంగు చుక్క పెట్టింది, ఎవరు ముట్టినా తెలిసేలా. పాత బండ్లను తుక్కుకు పంపాలని సర్కారు నుంచి ఒక కాగితం వచ్చింది. అది పొయ్యిలోకి పోయింది. కాలిన వేళ్లు మొద్దుబారి సాబిర్ ఇప్పుడు స్క్రూ తిప్పలేడు. పక్కన కూర్చుని వింటాడు.

నిన్న నేనూ పోయి విన్నాను. మీగడ కట్టిన చాయ్ గ్లాసు బానెట్ మీద పెట్టి మరీ విన్నాను. ఇప్పుడు ఆ దగ్గు పది చుట్లకు ఒకటి కాదు. పన్నెండు చుట్లకు ఒకటి.

ఈ చెవులను నమ్మకపోతే ఆ క్వార్టరుకే పోండి. గడపలో ఒకామె బియ్యం ఏరుతుంటుంది. మీతో మాట్లాడుతుంది గాని పన్నెండో చుట్టు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి చాటలో ఆగుతుంది, దగ్గు వినపడ్డాకే కదులుతుంది. భూపాల్ తల్లి. సమ్మవ్వ.