అక్షరాలు పైకి

ఇంటి వెనక పాత పికప్ బానెట్ ఎత్తి ఉంది. దానికి అటు పెద్దకొడుకు, ఇటు చిన్నకొడుకు, మధ్యలో పీట వేసుకుని తల్లి. అన్నదమ్ములకు మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా ఆమె చెవిలో గొణిగి, ఆమె ద్వారానే. "ఈ వయసులో నాకు పోస్టుమాన్ ఉద్యోగం వచ్చింది," అని పొద్దుటి నుంచీ మండిపడుతోంది.

ఇద్దరూ కలిసి చేసిన సామాన్ల రవాణా వ్యాపారం విడిపోయింది. షెడ్డు పెద్దవాడికి, పికప్ చిన్నవాడికి. ఇంజను నీళ్ళు కారుస్తోంది కనక ఆగాడు గానీ, లేకపోతే చిన్నవాడు నిన్ననే ఊరు మారిపోయేవాడు. ఇంజను పై మూతలాంటి హెడ్డు కింద, నీళ్ళు కారకుండా పరిచే హెడ్ గాస్కెట్ మార్చడం పెద్దవాడికే తెలుసు. తమ్ముడి మీద ప్రేమతో పూనుకోలేదు. చచ్చిన బండి అంటగట్టాడని రేపు నలుగురిలో అనిపించుకోవడం ఇష్టం లేక. బండి కదిలిందంటే కొడుకు కదిలినట్టే. అది తలుచుకుంటే ఆమెకు పంపబుద్ధి కావడం లేదు. ఇద్దరి మూతులూ చూస్తే ఒళ్ళు మండుతోంది.

"బోల్టు గట్టిగా తిప్పమను. అన్నం తింటున్నాడా, గడ్డి తింటున్నాడా?" అన్నాడు పెద్దవాడు.

"కాస్త గట్టిగా తిప్పు నాయనా," అంది ఆమె.

"నాకు తెలుసులే, ఉపన్యాసాలు వద్దని చెప్పు."

"సరేనంటున్నాడు."

అలా ముళ్ళు ఏరేసి మాటలు అందిస్తోంది.

బరువైన హెడ్డు విప్పి పక్కన పెట్టారు. కింద పాత గాస్కెట్ ఒక మూల కాలి, తినేసినట్టు ఉంది. చిన్నవాడు అంటుకున్న ముక్కలు గీకి, తుడిచి, ఒక పక్క అక్షరాలు అచ్చేసి ఉన్న పలచటి కొత్త గాస్కెట్ పరిచాడు. అప్పుడు పెద్దవాడు బండి కింద పడుకుని సైలెన్సర్ గొట్టంతో కుస్తీ పడుతున్నాడు. పీట వైపు తల జరిపి, ఆమెకు మాత్రమే వినబడేలా విసుక్కున్నాడు: "అక్షరాలు పైకి ఉన్నాయో లేదో చూసుకోమను, కళ్ళు నెత్తికెక్కిన ఆ దొరగారిని!"

"బాగా పెట్టావా నాయనా, అంటున్నాడు."

"పెట్టానని చెప్పు."

ఇద్దరూ చెరోవైపు మొహం తిప్పుకునే హెడ్డు దించారు, బోల్టులు బిగించారు. ఇంజను అందుకుంది. కాసేపటికే ఆవిరి కక్కి, అతుకు దగ్గర నీళ్ళు చిమ్మింది. చల్లారాక మళ్ళీ విప్పారు. గాస్కెట్ బోర్లా పడి ఉంది. నీళ్ళు పోవాల్సిన కన్నాలు మూసుకుపోయాయి. ఒకసారి నలిగింది ఇక పనికిరాదు.

"అక్షరాల సంగతి ఎందుకు చెప్పలేదమ్మా?" ఇద్దరూ ఆమె మీద పడ్డారు.

"ఓహో, నన్ను అనడానికి మాత్రం ఒక్కటయ్యారే! తిట్లు తీసేద్దామనుకున్నా, వాటితో అసలుదీ కొట్టుకుపోయింది. పెద్దోడా, మూరెడు దూరంలో ఉన్నాడు వాడు. నోరు తెరిచి అడగడానికి నీకేం రోగం? తలెత్తి జవాబు చెప్పడానికి వాడికేం తెగులు? విడిపోండ్రా, వద్దన్నానా? మాటక్కూడా వాటాలేస్తారా? ఇక ఒక్క ముక్క మోయను!"

పీట గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

చిన్నవాడు వెళ్ళి ఇంకో గాస్కెట్ తెచ్చాడు. "అక్షరాలు పైకే," అని రేడియేటర్‌తో చెప్పాడు. "కనబడుతోంది," అని పెద్దవాడు పానాతో అన్నాడు. సాయంత్రానికి ఇంజను చుక్క నీరు కార్చకుండా ఆడింది. చిన్నవాడు సామాను ఎక్కించి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"అమ్మా, దారిలో వేడెక్కితే ఫోన్ చేస్తా. ఎత్తుతాడేమో అడుగు."

ఆమె పీట ఇంకాస్త గోడవైపు జరుపుకుంది.

"అడగమ్మా."

"నాకు నోరు నొప్పి."

చిన్నవాడు గేరు మీద చెయ్యి వేశాడు, తీశాడు. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎత్తుతావా, అన్నయ్యా?"

"ఎత్తక ఛస్తానా! ముందు మెల్లగా పో. వేడి చూపించే ముల్లు మీద కన్నేసి ఉంచు."

"ఆ ముల్లు నువ్వు విరగ్గొట్టిందేగా!"

"నేనా? పోయిన వానాకాలం గుంటలో దించింది ఎవడు?"

"దించమన్నదెవడు?"

ఆపమని ఆమె అనలేదు.