చెడ్డ కబురు పాఠం

పరాయి దేశం వెళ్ళే డాక్టర్లకి ఆ దేశపు భాష నేర్పడం నా పని. పన్నెండేళ్ళుగా నాకు తిండి పెడుతున్నది అదే కాబట్టి తిట్టకూడదు. కానీ ఈ మధ్య ఆ క్లాసురూములో అడుగుపెట్టబుద్ధి కావడం లేదు.

మేం నేర్పేది మామూలు భాష కాదు. బస్సు ఎక్కడ ఆగుతుంది, పాలు ఎక్కడ దొరుకుతాయి లాంటివి వాళ్ళే ఎలాగో నేర్చుకుంటారు. మాది ఆసుపత్రి భాష. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, సంతకం ఎక్కడ పెట్టాలి. అందులో రోగి బంధువులకి చెడ్డ కబురు చెప్పే పాఠం ఒకటి ఉంది. పరీక్షలో దానికే మార్కులెక్కువ. కుర్చీ దగ్గరికి లాక్కోవాలి. తల కాస్త పక్కకి వంచాలి. "ఇది మీకెంత కష్టమో నేను అర్థం చేసుకోగలను" అనాలి. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకోవాలి. ఆ తర్వాత బంధువు ఎంత సూటిగా అడిగినా సరే, "ప్రతి రోగి పరిస్థితీ వేరు" అనాలి. ఆ చివరి ముక్క నేను రాసిందే. భలే రాశావయ్యా అని మా ప్రిన్సిపాల్ నోరారా మెచ్చుకున్నాడు కూడా.

క్లాసులో బంధువు వేషం నాదే. రోజుకి పదిసార్లు నావాళ్ళెవరో పోయేవారు, పదిసార్లు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మార్కులు వేసేవాణ్ణి. ఒక కుర్రడాక్టరుకి మాత్రం ఎప్పుడూ నూటికి నూరే. వాణ్ణి అందరం నూరుగాడు అనేవాళ్ళం.

ఇలా ఉండగా మా అక్క కడుపులో గడ్డ లేచింది. ఒకసారి కోసి తీశారు, మళ్ళీ వచ్చింది. ఇంకోసారి కోస్తాం, మధ్యాహ్నంలోగా సంతకం పెట్టండని కాగితం ఇచ్చారు. అక్క దాన్ని నా చేతిలో పెట్టి, "నయమవుతుందంటే కోయించుకుంటా. లేదంటే ఇంటికెళ్ళి నా మంచం మీద నేను పడుకుంటా. ఏదో ఒకటి కనుక్కుని రారా," అంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఈ ఒక్క జవాబూ తెచ్చివ్వలేనా అనుకుంటూ డాక్టరు గదిలోకి వెళ్ళాను.

లోపల నూరుగాడు కూర్చుని ఉన్నాడు! వీసా వచ్చేదాకా ఈ ఆసుపత్రిలో పనిచేస్తున్నాడట.

"మాస్టారూ! మీరా!" అని లేచి నిలబడ్డాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాడే కదా, దాచడు.

"అక్క సంగతి చెప్పు నాయనా. కోస్తే బతుకుతుందా?"

వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. తల పక్కకి వంచాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "ఇది మీకెంత కష్టమో నేను అర్థం చేసుకోగలను," అన్నాడు. మాటలు మన భాషలోకి మార్చాడంతే, గొంతు మాత్రం నేను నేర్పిన గొంతే. ఒకటి, రెండు, మూడు అని వాడు లోపల లెక్కపెట్టుకోవడం నాకు వినిపించినంత పనైంది.

మీద బల్లి పడ్డట్టు ఒళ్ళు జలదరించింది.

"అది సరే. బతుకుతుందా, లేదా?"

"ప్రతి రోగి పరిస్థితీ వేరు మాస్టారూ."

ఛీ! నా ఉమ్మి నా మొహానే పడింది. ఈ ముక్క ఎన్ని వందలమంది నోట్లో పెట్టి పంపానో! చేతిలో కాగితాలు పట్టుకున్న ఎంతమంది అక్కలూ తమ్ముళ్ళూ దీన్ని విని, బుర్రలూపి, సంతకాలు పెట్టారో! వాడి మీద పుట్టిన అసహ్యం వాడి దగ్గర ఆగలేదు, తిరిగొచ్చి నన్నే పట్టుకుంది.

"నూరు వేశానుగా, ఇక ఆపు!" అని అరిచాను. "మీ అక్కయితే కోయిస్తావా?"

వాడి చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. తలుపు వైపు ఒకసారి చూశాడు.

"కోయించను మాస్టారూ. లోపలంతా... పాకేసింది. కోస్తే, ఉన్న నాలుగు రోజులూ ఇక్కడే గడిచిపోతాయి. మహా అయితే రెండు నెలలు. నేను చెప్పానని మాత్రం ఎవరితో అనకండి, పెద్ద డాక్టరుగారు నన్ను బతకనివ్వరు."

గొంతు వణికింది, మాట తడబడింది, కళ్ళు ఎటో తిరిగాయి. క్లాసులోనైతే సున్నా వేసేవాణ్ణి. ఆసుపత్రిలో ఇన్నాళ్ళకి నేను విన్న మనిషి మాట అదొక్కటే.

అక్క దగ్గరికి వచ్చి కూర్చున్నాను. "అక్కా, ఇది నీకెంత కష్టమో..." అని మొదలుపెట్టి టక్కున ఆగిపోయాను. సొంత అక్క దగ్గర కూడా నా నోట్లో ఊరేది అదేనా? నా మీద నాకే రోత పుట్టింది.

"ఏంట్రా ఆ నసుగుడు? కోయించుకోనా, వద్దా?"

"వద్దక్కా."

అక్క కాళ్ళు మంచం కిందికి దించి, "అయితే నా చెప్పులిటియ్యి," అంది.

వంగి మంచం కింద తడిమాను. చెప్పులు చేతికి తగిలాయి.

"ఎన్నాళ్ళన్నాడు?" అని పైనుంచి అడిగింది.

తలెత్తి చెప్పే ధైర్యం లేకపోయింది. నేలవైపే చూస్తూ, "రెండు నెలలు," అన్నాను.