కనురెప్ప పుల్ల

గరాటు కింది రబ్బరు గొట్టానికి పెట్టిన క్లిప్పును పురుగులక్క కొంచెమే వదిలింది. రెండు చెంచాల నీళ్ళు గాజు పళ్ళెంలోకి జారగానే మళ్ళీ బిగించేసింది. గరాటులో పల్చటి కాగితం మీద నానిన మట్టిలోంచి, కంటికి ఆనని నులిపురుగులు తెల్లారేసరికి గొట్టం అడుక్కి దిగి ఉంటాయి. మొదటి చుక్కల్లోనే వస్తాయవి. తరువాత వచ్చేవి ఉత్త నీళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమెకు పొద్దు ఈ రెండు చెంచాల నీళ్ళతోనే మొదలవుతోంది.

ఆ మట్టి పరీక్షల ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళంతా ఎప్పుడో రిటైరయిపోయారు. ఆమె చదువు సంతకం వరకే. పురుగులకు పుస్తకాల్లో ఉన్న పేర్లు నోరు తిరగక, తన పేర్లు తానే పెట్టుకుంది. వేడి తగిలి చచ్చేటప్పుడు ఏ జాతి పురుగు ఆ జాతి తీరులోనే ఒళ్ళు సర్దుకుంటుంది. నిటారుగా సాగేది చీపురుపుల్ల. అది వేళ్ళలోకి దూరి లోపల్లోపలే కుళ్ళబెడుతుంది. చుట్ట చుట్టుకునేది స్ప్రింగు. అది వేరును పైపైన గీకిపోతుంది, చెట్టు ఓర్చుకుంటుంది. సగం వంగేది కొడవలి. ఎవరి జోలికీ పోదు, మట్టిలో చెత్త తిని బతుకుతుంది.

వరండా బల్ల మీద రైతు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. మూడేళ్ళ నిమ్మతోట అతనిది, ఈ ఏడే పూత పట్టింది. ఆకులు పాలిపోతున్నాయని మట్టి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. చీపురుపుల్ల అని తేలితే తోటంతా పీకేసి నేలను బీడు పెట్టాలి. రిపోర్టు మీద మధ్యాహ్నానికి పెద్దాఫీసరు సంతకం పెట్టేస్తాడు.

మట్టి బకెట్టు మెట్లెక్కించేటప్పుడు ఎడమ భుజం లాగింది. కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, వయసు మీద పడుతోందిలే అనుకుంది. కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు నిన్న చూసి వదిలేసిన పళ్ళెం మైక్రోస్కోపు కిందే ఉంది. కడుగుదామని తీయబోతూ, అలవాటు కొద్దీ కన్ను ఆనించింది. అన్నీ నిటారుగా ఉన్నాయి. తోక చివర చూసి ఒక కొడవలిని పోల్చుకుంది. అదీ పుల్లలా బిగదీసుకుని ఉంది.

"సారూ, నిన్న నీళ్ళు ఎక్కువ కాగినట్టున్నాయి."

తోట పీకేయాలని రాస్తున్న రిపోర్టు మీంచి ఆఫీసరు తలెత్తలేదు. "చంపడానికేగా అక్కా కాచేది. చచ్చాయి. ఇంకేం కావాలి?"

"కొడవలి కూడా నిటారుగా చచ్చింది సారూ. అన్నీ ఒకేలా చచ్చాయంటే అది వాటి చావు కాదు."

వేరును గుచ్చే సూది వాటి నోట్లో ఉండటం తాను చూశానన్నాడతను. స్ప్రింగుకూ సూది ఉంటుందని ఆమె అంది. గిన్నెలు కడిగేవాళ్ళు కూడా, అని మొదలుపెట్టి మధ్యలో మింగేశాడు. ఆమె ఆ మాట విననట్టే, ఒక్క గంట అడిగింది.

వచ్చిన ప్రతి మట్టినీ రెండు పాళ్ళు చేసి, ఎవరూ అడక్కపోయినా రెండో పాలును ఇంకో గరాటులో పోసి ఉంచడం ఆమె అలవాటు. ఆఫీసులో అందరూ దాన్ని సవతి గరాటు అని నవ్వేవాళ్ళు. పొద్దున తీసిన నీళ్ళు దానివే.

సొరుగులోంచి కనురెప్ప పుల్ల తీసింది. సన్నటి వెదురుపుల్ల చివర గోళ్ళరంగుతో అంటించిన ఒకే ఒక్క రెప్పవెంట్రుక అది. ఎంత సన్నటి సూదైనా నులిపురుగుకు గునపమే, రెప్పవెంట్రుక అయితే ఎత్తినట్టు దానికే తెలియదు. ఆమె రెప్పలు పొట్టివి. భర్త బట్టల కొట్టులో గుమాస్తా, ఆడపిల్లలు కుళ్ళుకునేలా ఉండేవి అతని రెప్పలు. వెంట్రుక అరిగినప్పుడల్లా దీపం ముందు కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. "జీతం నీది, రెప్పలు నావి" అనేవాడు. అతను పోయిన రోజు, చుట్టాలు వచ్చేలోపు, ఆమె తలుపు గడియ పెట్టి, చిన్న పట్టకారుతో రెండు కళ్ళకూ ఉన్న రెప్పలు తీసి గాజుగొట్టంలో దాచుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ళుగా పొదుపుగా వాడుకుంటోంది.

మైక్రోస్కోపులో చూస్తూ, పొద్దుటి పళ్ళెంలోంచి ఒక్కొక్క పురుగునే ఎత్తి ఇంకో పళ్ళెంలో కొత్త నీటిచుక్కలో వదిలింది. గిన్నెలో నీళ్ళు వెచ్చపెట్టి వేలు ఆనించింది. మూడు లెక్కపెట్టేసరికి వేలు తీసేయాల్సినంత వేడి ఉండాలి, రెండుకే తీశావంటే ఎక్కువైనట్టు. మూడుకు తీసింది. చుక్క ఉన్న పళ్ళేన్ని ఆ నీళ్ళ మీద ఆనించి, వెంటనే మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకు తప్పుకుంది. "మీరే చూడండి సారూ."

అతను చాలాసేపు చూశాడు. కొడవలి కొడవలిలాగే వంగింది. మిగతావి మెల్లగా, నిద్రకు పడుకున్నట్టు చుట్టలు చుట్టుకున్నాయి. లేచి, సంతకానికి వెళ్ళాల్సిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

కొత్త రిపోర్టు అందుకున్న రైతుకు ఆ కాగితం మీద నమ్మకం కుదరలేదు. తిన్నగా ఆమె దగ్గరికొచ్చాడు. "పీకక్కర్లేదా అమ్మా?"

"అక్కర్లేదు నాయనా. పశువుల ఎరువు వేసుకో. పూత రాలకుండా చూసుకో."

అతను వెళ్ళిపోయాక ఆమె టీ తెచ్చుకుని కిటికీ పక్క తన స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి ఆఫీసరు కుర్చీ లాక్కుని ఎదురుగా వచ్చాడు. "ఆ మూడు లెక్క నాకూ ఒకసారి చూపించు అక్కా" అన్నాడు. ఆమె గోడకు తల ఆనించి ఉంది. చేతులు ఒళ్ళో మడిచి పెట్టుకుంది. టీ మీద మీగడ కట్టింది. అతను ఇంకోసారి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు.

మరుసటి వారం ఆమె సొరుగు ఖాళీ చేసింది అతనే. అక్కడ ప్రతి సీసాకూ చీటీ ఉంటుంది. చీటీ లేనిది ఒక్క గాజుగొట్టమే. ఖాళీదనుకుని కడగబోయి, ఎందుకో వెలుతురుకు ఎత్తి చూశాడు. అడుగున, గాజుకు అంటుకుని, కొంచెం వంపు తిరిగి, నల్లటి వెంట్రుక ఒక్కటుంది.