బాతు పెట్టె

"శనివారం నాటికి బాతు కూయకపోతే నువ్వు రానక్కర్లేదు అరబా. అక్రా నుంచి ఒకణ్ణి పిలిపిస్తాను. వాడి కాళ్ళ దగ్గర పెడల్స్ వరసగా పేర్చి ఉంటాయి," అన్నాడు క్వాంసా.

రిహార్సల్ మధ్యలో, అందరి ముందూ అన్నాడు. పెదవుల మీది నుంచి ట్రంపెట్ తీసి, ఉమ్మి విదిలించి, మళ్ళీ పెట్టుకునేలోపల అనేశాడు. పాటకి పాటకి మధ్య దగ్గినంత తేలిగ్గా.

మా ఊరు టకోరాడీలో క్వాంసా బ్యాండ్ అంటే తెలియనివాళ్ళు లేరు. అందులో గిటార్ వాయించే ఆడమనిషి అంటే నేనేనని కూడా అందరికీ తెలుసు. ఆ శనివారం సెకొండీలో ఒక పెద్దాయన అంత్యక్రియలకు మేము వాయించాలి. సొంత పడవలున్న మనిషి, నిండుగా బతికి పోయాడు. అలాంటివాళ్ళని మా వైపు ఆటపాటలతోనే సాగనంపుతాం. ఆయన వయసులో ఉన్నప్పుడు ఏ పాటలకు చిందులేసేవాడో ఆ పాటలే కావాలన్నారు పిల్లలు. ఆ పాటల్లో గిటార్ బాతులా కూస్తుంది. కాలితో తొక్కితే అలా కూయించే పెడల్ పెట్టెను దుకాణాల్లో ఎన్వలప్ ఫిల్టర్ అంటారు. మేము మాత్రం బాతు పెట్టె అంటాం. తీగను మెల్లగా మీటితే నోరు మూసుకుని గొణుగుతుంది. గట్టిగా మీటామా, నోరంతా తెరిచి క్వాక్ మంటుంది.

నాకూ ఒకటి ఉండేది. ఈ బ్యాండ్‌లో చేరిన కొత్తలో, మొదటి సంపాదనతో కొనుక్కున్నాను. నాకు నచ్చిన శబ్దం ఎక్కడ పలుకుతుందో ఆ చోట, తిప్పే మీట మీద గోళ్ళ రంగుతో ఎర్రటి చుక్క పెట్టుకున్నాను. అందరి సామాను ఉండే ఇనప్పెట్టెలోనే దాన్నీ పెట్టేదాన్ని. నిరుడు వానల్లో ఇనప్పెట్టెలోకి నీళ్ళు వచ్చాయని, నా పెడల్ పాడైపోయిందని, తనే పారేశానని క్వాంసా చెప్పాడు. నమ్మాను. పైగా "పోనీలెండి అంకుల్, మీరేం చేస్తారు" అని కూడా అన్నాను.

"నా బాతు పోయిందని చెప్పింది మీరే కదా అంకుల్," అన్నాను ఇప్పుడు.

"పోతే ఇంకోటి కొనుక్కోవాలి. చౌకవి బోలెడు వస్తున్నాయి. జడలు అల్లించుకోడానికి డబ్బులుంటాయి గానీ, పనిముట్టు కొనుక్కోడానికి ఉండవా మీ ఆడాళ్ళకి?"

బ్యాండంతా నవ్వింది. మా డ్రమ్మర్ పెయింట్సిల్ ఒక్కడే నవ్వలేదు. నేను గిటార్ భుజం మీది నుంచి దించి బయటికి వచ్చేశాను. ఏదైనా అని ఉండాల్సింది. దారి పొడుగునా అనాల్సిన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

మర్నాడు మార్కెట్ సర్కిల్ దగ్గరున్న ఆకా వాద్యాల దుకాణానికి వెళ్ళాను. కొత్త డ్రమ్ కర్రలు కొనుక్కోవాలని పెయింట్సిల్ కూడా వచ్చాడు.

"బాతు పెడల్ కావాలి," అన్నాను.

ఆకా పెయింట్సిల్ వైపు తిరిగాడు. "కూర్చోండి సార్. ఎంతలో చూపించమంటారు?"

"నన్నడుగు. కొనేది నేను."

"అలాగే మేడమ్," అని, గోడకున్న గిటార్ ఒకటి తీసి, తెచ్చి పెయింట్సిల్ ఒళ్ళో పెట్టాడు.

ఎవరి పసిబిడ్డో ఒళ్ళో తడిపేసినట్టు దాన్ని దూరంగా పట్టుకున్నాడు పెయింట్సిల్. "బాబూ, నేను డ్రమ్స్ కొడతాను. దీన్ని ఏ వైపు నుంచి పట్టుకోవాలో కూడా నాకు తెలీదు. గిటార్ వాయించేది అక్క."

"ఓహో! చర్చిలోనా మేడమ్?"

"కాదు. క్వాంసా బ్యాండ్‌లో," అన్నాను. గిటార్ లాక్కున్నట్టే తీసుకున్నాను.

అద్దాల బీరువాలో ఉన్నదాన్ని ముందు చూపించాడు. అది కొంటే రెండు నెలలు అద్దె కట్టలేను. వద్దన్నాను. అప్పుడు అగ్గిపెట్టెకి కాస్త పెద్దగా ఉన్న చిన్న పెడల్ ఒకటి తెచ్చాడు. ముద్దొచ్చేలా ఉంది. గొంతు కూడా తియ్యగా ఉంది.

"బ్యాటరీ ఎక్కడ వెయ్యాలి?" అన్నాను.

"దీనికి బ్యాటరీ ఉండదు మేడమ్. కరెంటు మీదే."

"అంత్యక్రియల పందిట్లో అంతా జనరేటర్. దాని మీద పెడితే?"

"కాస్త గుయ్ మంటుంది. పర్వాలేదు."

"నీకు పర్వాలేదు. తిట్లు తినేది నేను."

రెండోది దుమ్ము దులిపి తెచ్చాడు. మగ్గిపోయిన అరటిపండులా మాసిన పసుపుపచ్చ రంగులో, ఇటుకంత బరువుగా ఉంది. కింద బ్యాటరీ పెట్టుకునే అర ఉంది. "ధర తక్కువే గానీ, ఈ రంగు చూసి ఎవరూ ముట్టుకోవడం లేదు," అన్నాడు. నేను వంగి వైర్లు తగిలిస్తుంటే, ఊరికే ఉండలేక ఇంకో మాట అన్నాడు. "అయినా మీ బ్యాండ్ వాళ్ళకి ఇదేం ఖర్మ? మీ దగ్గర మంచిది ఉండేదిగా. నిరుడు క్వాంసాగారే తెచ్చి నాకు అమ్మారు. మీట మీద ఎర్ర చుక్క ఉండేది. వారం తిరక్కుండా టార్క్వా చర్చి వాళ్ళు ఎగరేసుకుపోయారు."

వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను.

"పని చేస్తూ ఉందా అది? నీళ్ళలో తడవలేదా?" అన్నాడు పెయింట్సిల్.

"చేయకపోతే నేనెందుకు కొంటాను సార్? చుక్క నీరు తగిలినట్టు కూడా లేదు."

అక్కడే, ఆ దుకాణంలోనే క్వాంసాకి ఫోన్ చేశాను. పెయింట్సిల్‌కి కూడా వినపడేలా పెట్టాను. ఆకా దగ్గర ఉన్నానని చెప్పగానే ఆయనకి సంగతి అర్థమైపోయింది. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించనైనా లేదు.

"బ్యాండ్ పెట్టెలో ఉన్నది బ్యాండ్‌దే అరబా. ఆ డబ్బు నేనేమన్నా తాగేశానా? మన సౌండ్ మిక్సర్ బాగు చేయించాను. ఆ మిక్సర్ లోంచే కదా నీ గిటార్ జనానికి వినపడుతోంది?"

"మరి నీళ్ళు వచ్చాయని ఎందుకు చెప్పారు?"

"నువ్వు గొడవ చేస్తావని. చూడు, చేస్తున్నావుగా!"

ఫోన్ పెట్టేశాడు.

నేను గిటార్ అందుకుని పచ్చ పెడల్ తొక్కాను. క్వాక్. చిన్నదాన్ని తొక్కాను. క్వాక్. మళ్ళీ పచ్చది. క్వాక్, క్వాక్, క్వాక్. రెండూ ఒకేలా అరుస్తున్నాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి తొంగి చూస్తున్నారు. సన్న తీగ తెగి నా మణికట్టుకి చురుక్కున తగిలింది.

"అక్కా, నువ్వు గిటార్ వాయించడం లేదు. క్వాంసాని కొడుతున్నావు," అన్నాడు పెయింట్సిల్. "వాణ్ణి తర్వాత కొడదాం. మెల్లగా మీటి చూడు. గట్టిగా కొడితే ఏ బాతైనా అరుస్తుంది."

ఆకా ఏడుపు ముఖంతో తీగ మార్చాడు. బొటనవేలి కండతో తీగను నిమిరినట్టు మీటాను. చిన్న పెడల్ నిద్రపోయింది. కాస్త బలం పెంచితే ఉలిక్కిపడి ఒక్కసారిగా నోరంతా తెరిచింది. దానికి ఉన్నవి ఆ రెండే. పచ్చది అలా కాదు. మెల్లగా మీటితే గొణిగింది, కొంచెం పెంచితే కొంచెం నోరు విప్పింది, ఇంకొంచెం పెంచితే ఇంకొంచెం. ఇంట్లో ఉన్న నా గిటార్ పాతది, శబ్దం బలహీనం. దానికి సరిపడేలా తిప్పుకోడానికి వేరే మీట కూడా ఉంది దీనికి. ఇదే కావాలన్నాను.

"మీ కోసం లేడీస్ డిస్కౌంట్ ఇస్తాను మేడమ్," అన్నాడు ఆకా.

"లేడీస్ డిస్కౌంట్ నాకొద్దు. రంగు బాగాలేనందుకు తగ్గించు."

తగ్గించాడు. ఒక బ్యాటరీ కూడా ఇచ్చాడు.

రెండు రోజులు రిహార్సల్స్‌కి వెళ్ళాను. వాయించాను, వచ్చాను. క్వాంసా నాతో ఏమీ జరగనట్టే మాట్లాడాడు. "భలే కూస్తోందే నీ బాతు!" అన్నాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది. మానెయ్యాలనే అనుకున్నాను. కానీ పోయిన పెద్దాయన నాకేం అన్యాయం చేశాడు? ఆయన పాటలు ఆయనకి అందాలి.

శనివారం మధ్యాహ్నం సెకొండీలో పందిరి కిక్కిరిసిపోయింది. నలుపూ ఎరుపూ బట్టల్లో బంధువులంతా వరసగా కూర్చున్నారు. జనరేటర్ పందిరి వెనకాల రొద పెడుతోంది. మూడో పాట మొదలుపెట్టి పచ్చ పెడల్ తొక్కాను. మొదటి క్వాక్ వినగానే వెనక వరసల్లో ముసలివాళ్ళు కేకలు పెట్టారు. పెద్దాయన చెల్లెలు ఆంటీ ఎఫ్రిబా, కర్ర పక్కన పడేసి నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. నా ముందుకి వచ్చి ఆడుతూ ఆడుతూ మెచ్చుకోలుగా ఒక నోటు నా నుదుటికి అంటించింది. పందిరంతా లేచి నిలబడింది.

పాట అయిపోయింది. క్వాంసా మైకు అందుకున్నాడు.

"విన్నారా మా బాతు కూత! పెద్దాయన మీద గౌరవంతో, ఈ రోజు కోసమే ప్రత్యేకంగా ఈ పెడల్ కొని తెప్పించాను!"

చప్పట్లు కొట్టారు.

మైకు దగ్గరికి ఎలా వెళ్ళానో నాకు తెలీదు. పక్కనున్నవాళ్ళు తర్వాత చెప్పారు, అతని భుజం పట్టుకుని తోశానట. "క్వాంసా," అన్నాను. అంత పెద్దవాణ్ణి అంతమంది ఎదుట ఒట్టి పేరు పెట్టి పిలిచాను. "ఈ పెడల్ నువ్వు కొనలేదు. నేను కొన్నాను. ఎందుకు కొనాల్సి వచ్చిందో కూడా చెప్పు వీళ్ళకి. నా పెడల్ నువ్వు..."

క్వాంసా ట్రంపెట్ ఎత్తి గట్టిగా ఊదడం మొదలుపెట్టాడు. నా మాట నాకే వినపడలేదు. ఊదుతూనే పెయింట్సిల్ వైపు చూశాడు. డ్రమ్స్ అందుకోమని చేత్తో సైగ చేశాడు. పెయింట్సిల్ కర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపు ఆ ఒక్క ట్రంపెట్టే అలా అరిచింది.

"ఆ ఊదుడు ఆపవయ్యా!" అని అరిచింది ఆంటీ ఎఫ్రిబా. "ఆ పిల్లని చెప్పనీ."

చెప్పాను. పెడల్ పాడైపోయిందని అబద్ధం చెప్పి అమ్ముకున్నాడని, కొత్తది లేకపోతే రావద్దన్నాడని చెప్పాను. ఎవరో "సిగ్గు లేదా!" అన్నారు. ఎవరో నవ్వారు. క్వాంసా మెడ కాలర్ సర్దుకుంటూ నేల చూశాడు. ఇంకా చెప్పాలని ఉంది, ఎన్నో ఏళ్ళవి ఉన్నాయి.

ఆంటీ ఎఫ్రిబా నా చెయ్యి పట్టుకుంది. "నీ మాట విన్నాం తల్లీ. కానీ ఇవాళ మా అన్నయ్యది. నీ తగవు ఆయన వెళ్ళాక. ముందు బాతుని కూయించు."

ఆవిడ అడిగింది కాబట్టి వాయించాను. ఆ సాయంత్రం అంత బాగా ఎప్పుడూ వాయించలేదని అంటారు. నాకు తెలీదు. నాకు పళ్ళు నొప్పి పుట్టడం ఒక్కటే గుర్తుంది, అంత గట్టిగా బిగించి ఉంచాను.

చివరికి పందిరి వెనక అందరూ చేపతో మొక్కజొన్న పిండి ముద్ద కెంకీ తింటున్నప్పుడు క్వాంసా నా దగ్గరికి వచ్చాడు. "ఇంతమందిలో నా పరువు తీశావు."

"తీశానే గానీ, తీసుకెళ్ళి అమ్ముకోలేదు," అన్నాను.

అదే ఆఖరు. మళ్ళీ ఆ బ్యాండ్‌కి వెళ్ళలేదు. టార్క్వా వెళ్ళి నీ పెడల్ అడుగు అన్నారు కొందరు. చర్చి వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కున్నారు. వాళ్ళనేమని అడుగుతాను? అడగాల్సినవాడు ఇక్కడే ఉన్నాడు. అడిగితే మిక్సర్ చూపిస్తాడు.

తర్వాతి నెలలో ఆంటీ ఎఫ్రిబా ఫోన్ చేసి, షామాలో వాళ్ళ బంధువులింట అంత్యక్రియలున్నాయని, "ఆ బాతు పిల్లే" కావాలంటున్నారని చెప్పింది. పెయింట్సిల్‌ని పిలిచాను. అతను ఒక బాస్ గిటార్ అతన్ని పట్టుకొచ్చాడు. పాడేది నేనే. ఎవరి సామాను వాళ్ళు ఇంటికి తీసుకెళ్తాం.

అరబా తన డ్రమ్మర్‌ని దొంగిలించిందని క్వాంసా ఊరంతా చెప్పుకుంటున్నాడట. దొంగిలించిందన్న మాట ఆ నోటి నుంచే వస్తోంది చూడండి. మొన్న మార్కెట్ సర్కిల్‌లో ఎదురుపడితే, పదిమందిలో పెద్దమనిషిలా నవ్వి, "ఏమ్మా, కోపం తగ్గిందా?" అని అడిగాడు.

"లేదు," అని చెప్పి నా దారిన నేను పోయాను.