ప్రభువుకిచ్చిన పడవ

కొత్త పడవ కొన్న వారమే ఆరోన్ పాస్టర్ గారిని రేవుకు పిలిచి ప్రార్థన చేయించాడు. ఆ లంక ఊరు మొత్తానికి ఇంజన్ పడవ అదొక్కటే. "ఇది ప్రభువుదండీ, నేను దీన్ని చూసుకునే గృహనిర్వాహకుణ్ణి మాత్రమే" అని సంఘం ముందు అన్నప్పుడు అతని కళ్లు నిజంగానే చెమర్చాయి.

శ్రావణంలో గోదావరి పోటెత్తింది. పక్కింటి చిట్టియ్య మోకాటి లోతు నీళ్లలో వచ్చి, మంచం పట్టిన తల్లినీ మేకల్నీ ఏటిగట్టుకు చేర్చమని అడిగాడు. వరదలో కొట్టుకొచ్చే దుంగ తగిలితే కొత్త పడవ బద్దలైపోతుందని ఆరోన్‌కి భయమేసింది.

"ఇంజన్ పాడైంది బాబాయ్," అన్నాడు.

చిట్టియ్య వెనుదిరిగి వెళ్లి అరటి బోదెలు నరికి తెప్ప కట్టి, తల్లినీ మేకల్నీ ఎక్కించాడు. ఆరోన్ డాబా మీంచి చూస్తూనే ఉన్నాడు. గట్టు కాస్త దూరముందనగా తెప్ప తిరగబడింది. ఆరోన్ చెయ్యి జేబులోని పడవ తాళం మీదకు పోయింది. కానీ ఇప్పుడు ఇంజన్ మోగితే అబద్ధం బయటపడుతుంది. ఆ ఒక్క ఆలోచనతో డాబా దిగలేదు. చిట్టియ్య తల్లిని ఎలాగో గట్టెక్కించాడు. అతనికి బతుకుతెరువైన మేకలు మాత్రం ఏటిపాలయ్యాయి.

నీళ్లు తీశాక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం ఆరోన్ చెయ్యి చాచలేకపోయాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి వచ్చేశాడు.

మర్నాడు చిట్టియ్య ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా మేనల్లుడు పల్లంరాజు. రాజమండ్రిలో మెకానిక్కు. నీ ఇంజన్ చూస్తాడు. పడవ తిరక్కపోతే నీకు మాత్రం ఎలా గడుస్తాదిరా?"

పల్లంరాజు అప్పటికే పనిముట్ల సంచి విప్పుతున్నాడు.

"ఇంజన్ బాగానే ఉంది బాబాయ్," అన్నాడు ఆరోన్. "ఆ రోజూ బాగానే ఉంది."

సంచి కట్టెయ్యమని చిట్టియ్య పల్లంరాజుకు సైగ చేశాడు. కోప్పడతాడేమోనని, కోప్పడితే బాగుండునని ఆరోన్ ఎదురుచూశాడు.

"మా అమ్మ రోజూ అడుగుతాంది, పాపం ఆరోన్ పడవ బాగైందా అని. ఆ మాటేదో నువ్వే వచ్చి చెప్పు."

ఆరోన్ వెళ్లి ముసలమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

భాద్రపదంలో మళ్లీ వరదొచ్చింది. పిలవకముందే ఆరోన్ పడవను చిట్టియ్య గుమ్మంలోకి తెచ్చాడు. చిట్టియ్య తన తల్లిని ఎక్కించి, ఆరోన్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు. పడవ గట్టు చేరింది. వాళ్లను దించి, మిగిలినవాళ్ల కోసం ఆరోన్ పడవను మళ్లీ ఊరివైపు తిప్పాడు.